రెండో పోర్టు

"నేను వేరే టీమ్‌కి మారిపోతున్నాను. ఇక దీన్ని మీరే చూసుకోండి," అంటూ ఆమె డెవలప్‌మెంట్ బోర్డును అతని బల్ల మీద పెట్టింది.

ఆ బోర్డుకి ప్రోగ్రాం రాసేది ఆమె, టెస్ట్ చేసేది అతను. అరచేతిలో పట్టే ఆ ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు ఆరు వారాలుగా ఇద్దరి ప్రాణాలూ తోడేస్తోంది. కళ్ల మంటలు, మెడ నొప్పులు ఇద్దరికీ సమానమే. అసలే నీరసం, పైగా ఈ మాట. ఆమె అంటే అతనికి ఇష్టం. చెప్పడానికి ఓపికా ధైర్యమూ ఒకే రోజు కుదిరి చావలేదు, అంతే.

"ఇంత సడన్‌గా ఎందుకండీ?"

"అడిగినదానికి ఉలుకూ పలుకూ లేని మనిషితో ఎన్నాళ్లని పనిచేయను?"

"ఏం అడిగారు?"

"రెండు వారాలుగా రోజూ అడుగుతున్నాను. రెండో పోర్టులో."

అతను తెల్లమొహం వేశాడు. "రెండో పోర్టా? ఉన్నది ఒక్క కేబులేగా!"

ఆమె నెత్తి కొట్టుకుంది. "కేబుల్ ఒక్కటే. కంప్యూటర్‌లో మాత్రం బోర్డు నుంచి సమాచారం వచ్చే సీరియల్ పోర్టులు రెండు కనిపిస్తాయి. ఒకదాంట్లో రీడింగులు, రెండోదాంట్లో నా మెసేజ్‌లు. మొదటి రోజే చెప్పాను. తలూపారు కూడా!"

"నిద్రమత్తులో ఊపి ఉంటాను."

అతను గబగబా రెండో పోర్టు తెరిచి, బోర్డు మీది రీసెట్ బటన్ నొక్కాడు. ఆమె ప్రోగ్రాంలో రాసిపెట్టిన లైన్లు స్క్రీన్ మీద వరుసగా పడ్డాయి.

సెన్సర్ ఓకే.
మెమరీ ఓకే.
సాయంత్రం కాఫీకి వస్తారా?
మళ్లీ అడుగుతున్నాను, వస్తారా?
ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. ఏమీ అనుకోను.

చివరి లైను చదివి అతనికి ఏడుపొచ్చినంత పనైంది. వెంటనే కీబోర్డు అందుకున్నాడు.

"అందులో టైప్ చేసి లాభం లేదు," అందామె. "మీరు పంపింది చదివే కోడ్ నేను రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

"నోటితో చెబుతారనుకున్నాను."

అతను లేచి నిలబడ్డాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ. టీమ్ మారితే మారండి. నన్ను మాత్రం వదిలి వెళ్లకండి."

ఆమె కుర్చీలో కూలబడింది. "మేనేజర్‌కి ఇంకా చెప్పలేదు. ముందు మీకే చెప్పాను."

"అయితే కాఫీకి వెళ్దామా?"

"కాఫీ తాగే ఓపిక కూడా లేదు. ఇంటిదాకా దిగబెట్టండి, చాలు."

బస్సెక్కిన ఐదు నిమిషాలకే అతని భుజం మీద ఆమె తల వాలిపోయింది. ఆమె దిగాల్సిన స్టాపు వచ్చింది, వెళ్లిపోయింది. అతను లేపలేదు.

"నా స్టాపు దాటిపోయిందా?" కళ్లు తెరవకుండానే అడిగింది.

"దాటిపోయింది."

"మంచిదే," అని ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది.