పాత ఆకాశం

రాజాంలో శ్రీకాకుళం రోడ్డు పక్కన ఒక ఎరువుల కొట్టు ఉంది. దాని మేడ మీద రెండు గదుల వాటాలో త్రినాథ్ ఒక్కడే ఉంటాడు. ముప్పై రెండేళ్ల మనిషి. ఊళ్లో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. పేకాట లేదు, సినిమాల పిచ్చి లేదు. ఉన్న వ్యసనమల్లా విమానం నడపడమే. నిజం విమానం కాదు లెండి, కంప్యూటర్ తెర మీద నడిపేది. ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు దాన్ని. బల్లకి బిగించిన జాయ్‌స్టిక్ పట్టుకుని కూర్చున్నాడంటే అన్నం సంగతి కూడా గుర్తుండదు.

అతని కంప్యూటర్లో అలాంటివి రెండున్నాయి. పాతది ఇంటర్ చదివే రోజుల్లో విశాఖపట్నంలో సీడీలు కొని ఎక్కించుకున్నది. అందులో చెట్లు అట్టముక్కల్లా ఉంటాయి. సముద్రం నీలం రేకు పరిచినట్టుంటుంది. వాతావరణం మనం ఏది పెడితే అదే. త్రినాథ్ ఎప్పుడో తెరిపి ఆకాశం పెట్టి వదిలేశాడు. పదిహేనేళ్లుగా అందులో చినుకు పడలేదు.

కొత్తది అలా కాదు. నెట్‌లోంచి లోకాన్నంతా లాక్కుంటుంది. ఈ క్షణాన ఎక్కడ ఎంత గాలి వీస్తోందో, ఎక్కడ మబ్బు పట్టిందో తెర మీద అదే చూపిస్తుంది. కాకపోతే తెరుచుకోవడానికే పావుగంట తీసుకుంటుంది. దానికి కావలసిన చోటు కూడా అంతా ఇంతా కాదు.

ఆ చోటు దగ్గరే చిక్కొచ్చింది. కొత్తదానికి ఇంకో పెద్ద అప్‌డేట్ వచ్చింది. డిస్కు నిండిపోయింది. పాతదైనా తియ్యాలి, కొత్తదైనా ఇలాగే వదిలెయ్యాలి. ఎవరినడిగినా ఒక్క క్షణం ఆలోచించకుండా పాతది తీసెయ్యమంటారు. త్రినాథ్ మాత్రం రెండేళ్లలో మూడుసార్లు ఆ పని మొదలుపెట్టి మూడుసార్లూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది పోతే రెండేళ్ల కిందటి ఒక ఉదయం కూడా చెరిగిపోతుందని ఒక ఆశ. అలా ఆశపడుతున్నందుకు సిగ్గు.

కార్తీక మాసం, ఆదివారం. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి రెండు రోజులుగా ముసురు. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి కమ్ముకుంది. త్రినాథ్ నాలుగోసారి పాతదాని మీద బాణం గుర్తు పెట్టి, తీసెయ్యమంటారా అని కంప్యూటర్ అడిగితే జవాబివ్వకుండా కూర్చుని ఉండగా, మెట్ల మీద తడి చెప్పుల చప్పుడైంది.

వాళ్ల అక్క అనిత. కళింగపట్నం దగ్గర పల్లె నుంచి బస్సులో వచ్చింది. చేతిలో నెత్తళ్ల చేపల సంచి. గొడుగు ఉన్నా సగం తడిసిపోయింది.

"ఈ వానలో ఏటక్కా? ఫోన్ సేస్తే నేనే వద్దును కదా."

"రేపటికి రెండేళ్లురా మీ బావ ఎళ్లి" అంది అనిత, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఇంట్లో ఉండబుద్ధి కాలేదు."

బావ ధనరాజు సముద్రం మీద చేపల వేటకి వెళ్లి తిరిగి రాలేదు. ఆ రోజు తోడు రావలసిన మనిషికి జ్వరమొస్తే ఒక్కడే చిన్న బోటేసుకుని వెళ్లాడు. పొద్దెక్కాక ఉన్నట్టుండి గాలి లేచింది. బోటూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. చీకటితో ఒడ్డుకెళ్లి నిలబడడం అనిత నెల రోజుల వరకూ మానలేదు.

తమ్ముడిచ్చిన టీ తాగి ఆమె కంప్యూటర్ వంక చూసింది.

"ఒరే, దీన్లో మన సముద్రం కనబడతాదంటావు కదా. నేను ఎప్పుడు సూసినా ఒడ్డు మీంచే సూశాను. పై నుంచి ఓపాలి సూపించు. ఆయన ఎంత దూరం ఎళ్లుంటాడో సూస్తాను."

త్రినాథ్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "కొత్తది పెడతానక్కా. అచ్చం నిజంలాగే ఉంటాది."

"మీ బావ ఇక్కడికొచ్చినప్పుడు నడిపింది ఏది?"

"పాతది."

"మరి అదే పెట్టు."

కాదనడానికి కారణం చెప్పాలి. ఆ కారణం అతను ఎవరికీ చెప్పలేదు. పాతది తెరిచాడు. అది రెండేళ్ల తరవాత కూడా చటుక్కున తెరుచుకుంది.

విశాఖపట్నంలో ఎగిరి, తీరం ఎడమ చేతి వైపు ఉండేలా ఉత్తరానికి తిప్పాడు. భీమిలి దాటింది. కోనాడ దాటింది. ఎండ, నీలం, అక్కడొకటి అక్కడొకటి తెల్లమబ్బు. బయట వాన రేకుల మీద దబదబా కొడుతోంది.

"ఇదేటిరా, సముద్రం ఇంత నున్నగా ఉన్నాది?"

"పాతది కదక్కా. అలలుండవు."

"ఎప్పుడూ ఇలాగేనా?"

"ఎప్పుడూ ఇలాగే."

ఆ మాట అంటున్నప్పుడు త్రినాథ్ ఆమె వైపు చూడలేకపోయాడు.

జరిగిందేమిటంటే, కొత్త సిమ్యులేటర్ కొన్నాక త్రినాథ్ పల్లెకెళ్లి గొప్పలు చెప్పాడు. నా కంప్యూటర్లో నిజం గాలి తెలుస్తుంది బావా, వేటకెళ్లే ముందు నన్నడుగు అన్నాడు. ధనరాజు నమ్మాడు. అప్పుడప్పుడు తెల్లారకుండానే ఫోన్ చేసేవాడు. త్రినాథ్ కొత్తది తెరిచి, చూసి, చెప్పేవాడు. రెండేళ్ల కిందట ఆ రోజు అయిదూ నలభైకి ఫోన్ మోగింది. అతను పాతదాంట్లో విమానం దింపుతున్నాడు. కొత్తది తెరవాలంటే పావుగంట. దింపుతున్న విమానం వదిలెయ్యాలి. ఆగు బావా, చూసి చెబుతాను అంటే సరిపోయేది. నాకు తెలీదు అన్నా సరిపోయేది. అతను ఎదురుగా ఉన్న నీలం ఆకాశం చూస్తూ, "అద్దంలాగున్నాది బావా. ఎళ్లిపో" అన్నాడు.

అంతే.

ఆ ముక్క అతను రెండేళ్లుగా మింగుకుని తిరుగుతున్నాడు. అక్క అన్నం పెట్టినప్పుడల్లా అది గొంతులో అడ్డం పడుతుంది.

తెర మీద వంశధార సముద్రంలో కలిసే చోటు కనబడింది. "అదిగో, అదే మనది" అని విమానాన్ని కుడికి, సముద్రం మీదికి తిప్పాడు.

అప్పుడు కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది. గదిలో తెర వెలుగు తప్ప మరేమీ లేదు.

మొదట విమానం కొంచెం ఒరిగింది. త్రినాథ్ సరిచేశాడు. మళ్లీ ఒరిగింది. ఎవరో రెక్క పట్టుకుని లాగినట్టు. గాలి వీస్తే అలా ఒరుగుతుంది... కానీ పాతదాంట్లో అతను పెట్టిన ఆకాశంలో గాలి లేదు.

నీలం మసకబారింది. అంచుల నుంచి బూడిదరంగు పాకుతూ వచ్చింది. అతను గబగబా వాతావరణం పట్టిక తెరిచి చూశాడు. తెరిపి ఆకాశం. గాలి సున్నా. మూసేశాడు. ఎదురుగా మబ్బు నల్లగా, నీళ్లదాకా దిగి ఉంది. కింద నీలం రేకు లేదు. కదులుతోంది. నురుగు కక్కుతోంది.

"అలలుండవన్నావు" అంది అనిత, మెల్లగా.

గదిలో వాసన మారింది. తడి మోకు వాసన... డీజిల్... ఎండిన చేప పొలుసు వాసన. నెత్తళ్ల సంచి కాదు. అది వంటగదిలో ఉంది. ఈ వాసన కంప్యూటర్ పెట్టె వెనక నుంచి, ఫ్యాను తోసే వేడిగాలితో వస్తోంది.

కింద నీళ్లలో ఒక చుక్క. చిన్న బోటు. పాత సిమ్యులేటర్లో బోట్లు లేవు. పదిహేనేళ్లలో ఒక్కటీ చూడలేదు.

"దించరా" అంది అనిత. "దగ్గిరికి దించు."

"అక్కా, ఆపేద్దాం..."

"దించు."

అతను దించలేదు. విమానమే దిగింది. జాయ్‌స్టిక్ అతని చేతిలో ఉంది. చల్లగా, జిడ్డుగా ఉంది. బోటు పెద్దదైంది. బావ బోటులాగే పచ్చ రంగు, ముందు వైపు పసుపు పూసిన మొన. అందులో ఎవరూ లేరు. వల మాత్రం ఉంది. నీళ్లలోకి బిర్రుగా లాగి ఉంది... కింద ఏదో బరువుగా పట్టుకున్నట్టు.

స్పీకర్లలో విమానం హోరు తగ్గింది. దాని అడుగున గాలి శబ్దం. ఆ గాలిలో ఒక గొంతు.

"బామ్మర్దీ..."

త్రినాథ్ జాయ్‌స్టిక్ వదిలేశాడు.

"బామ్మర్దీ... గాలెలాగున్నాది?"

అదే అడగడం. ఆ రోజు అడిగినట్టే. అదే సాగదీత.

"ఎళ్లమంటావా?"

ఇంక ఆగలేకపోయాడు. రెండేళ్ల మూట ఒక్కసారిగా విప్పుకుంది. "ఎళ్లకు బావా!" అని తెర మీద పడి అరిచాడు. "ఎళ్లకు! నేను సూడలేదు. పాతది సూసి సెప్పీసాను. కొత్తది తెరవడానికి బద్ధకమేసింది. నాకు తెలీదని సెప్పడానికి నామోషీ ఏసింది. అక్కా, నేనే సెప్పానే ఎళ్లమని... నేనే..."

గాలి ఆగింది. స్పీకర్లలో ఒక్క నిమిషం ఏమీ లేదు. తరవాత ఆ గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి చాలా దగ్గరగా. బతిమాలుతున్నట్టు లేదు. తృప్తిగా ఉంది.

"ఎళ్లమన్నావు కదా... ఎళ్లాను."

కాస్త ఆగి...

"దొరికాడు."

ఇన్వర్టర్ ఠప్పుమని కొట్టేసింది. తెర ఆరిపోయింది.

చీకట్లో ఇద్దరి ఊపిరి. వాన. త్రినాథ్ నేల మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అక్క కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె కొట్టలేదు. గుసగుసగా అడిగింది.

"ఎవర్రా అది?"

"బావ..."

"కాదు." అనిత ఆ మాట తుంచేసింది. "పదకొండేళ్లు కాపరం సేశాను. మీ బావ గొంతు నాకు తెలీదేటి? అది మీ బావ కాదు."

కరెంటు వచ్చింది. అనిత గోడకి ఆనుకుని ఉంది. మొహంలో రంగు లేదు.

"నువ్వేటి సెప్తన్నావురా? ఆ దినం మీ బావ నీకు ఎప్పుడు ఫోన్ సేశాడు?"

"పొద్దున్న. అయిదూ నలభైకి."

"ఆయన ఫోన్ ముందు రాత్రే నీళ్లలో పడిపోయింది. నేనే బియ్యం డబ్బాలో పెట్టాను ఆరతాదని. ఆరలేదు. మరి ఎప్పుడూ పని సెయ్యలేదు. ఇప్పటికీ బీరువాలోనే ఉన్నాది." ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. "మీ బావ నాలుగింటికే ఎళ్లిపోయాడు. అయిదూ నలభైకి ఆయన నడిసముద్రంలో ఉంటాడు."

ఒక్క ఊపిరి సేపు త్రినాథ్ గుండె తేలికైంది. బావ తన మాట మీద వెళ్లలేదు. తన మాట వినకుండానే వెళ్లాడు. తేలికపడినందుకు వెంటనే సిగ్గేసింది. ఎదురుగా అక్క బొట్టు లేని మొహంతో కూర్చుంది, తనేమో తప్పించుకున్నానని లోపల సంతోషిస్తున్నాడు.

ఆ సిగ్గు పూర్తిగా దిగకముందే అనిత అడిగింది.

"మరి నువ్వు ఎళ్లమన్నది ఎవర్నిరా?"

అతను లేచి బీరువా అడుగు అరలో వెతికాడు. అప్పటి ఫోన్ అక్కడుంది. ఆ సంఘటన తరవాత దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేక కొత్తది కొనుక్కున్నాడు. ఛార్జింగ్ పెడితే చాలాసేపటికి వెలిగింది. నిజంగా ఫోన్ వచ్చిందని అక్కకి చూపించాలి. తనకి తానూ చూపించుకోవాలి.

కాల్స్ పట్టికలో ఉంది. బావ అన్న పేరే. ఉదయం అయిదూ నలభై.

"సూడు. వచ్చింది" అన్నాడు.

అనిత ఫోన్ అందుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. "కింద ఇదేటిరా?"

ఎంతసేపు మాట్లాడారో ఫోన్ రాసుకునే చోటు అది. త్రినాథ్ ఆ రోజు మాట్లాడింది నిమిషం కూడా లేదు. మాట చెప్పేసి, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, విమానం దింపి, మళ్లీ ఎగిరి, ఈల వేసుకుంటూ పొద్దంతా ఆ నీలం ఆకాశంలోనే తిరిగాడు. అవతల వాళ్లే పెట్టేసి ఉంటారనుకున్నాడు.

అక్కడ మూడు గంటల ఇరవై నిమిషాలు అని ఉంది.

అనిత పెదాలు కదిలాయి. లెక్కపెట్టుకుంటోంది. "తొమ్మిదింటికి పెట్టీసింది" అంది.

తరవాత ఫోన్ మెల్లగా నేల మీద పెట్టి, దానికి దూరంగా జరిగింది.

"తొమ్మిదింటికేరా గాలి లేచింది."