మైల పీపా

ఆ పీపా మా ఇంటికొచ్చిన రోజు సగం ఊరు మా వాకిట్లోనే ఉండింది. ఉక్కు పీపా. నడుముకు రెండు కట్లు, నెత్తిన పిడికిలి పట్టేంత మూతి, ఎండ పడితే కండ్లు చెదిరే తెలుపు. బెంగుళూరు మిలిటరీ దండులో ఎవరో బీరు తాగి పారేసినదంట. మా ఆయన ఈరప్ప పాత ఇనుము అమ్మే గుజిరీ అంగట్లో దాన్ని పట్టి, లారీ మీద కళ్యాణదుర్గం దాకా, ఆడ నుంచి ఎద్దులబండి మీద మా ఊరికి తెచ్చినాడు. మాది కంబదూరుకు రెండు కోసుల దూరంలో, చెట్టూ చేమా లేని బయలు మీద ఊరు.

"ఏమప్పా ఈరన్నా, అడుగున బీరేమన్నా మిగిలిందా?" అన్నాడు ఒకడు.

"మిగిలింది. వాసన. మూతికి ముక్కు పెట్టి పీల్చుకో, పుణ్యానికి."

అందరూ నవ్వినారు. మా మామ తిప్పయ్య ఒక్కడే నవ్వలేదు. పీపా చుట్టూ ఒకసారి తిరిగి, వేలి కణుపుతో దాని కడుపు మీద కొట్టి చూసినాడు. టిక్. టిక్. టిక్. కొట్టి, ఆగి, విన్నాడు.

"ఇది పలకదురా," అన్నాడు కొడుకుతో. "మూగది."

మాది సారాయి కాసే ఇల్లు. సిగ్గుపడి చెప్పడం లేదు, గొప్పకూ చెప్పడం లేదు. అరవై ఒకటో సంవత్సరం అది. రెండేండ్లుగా వాన లేదు. శెనక్కాయ చేను మొలిచిన చోటే మాడింది. ప్రభుత్వం సారాయి వద్దంది, మంచిది. వద్దన్న దొర ఒక్కడైనా మా పొయ్యి మీద ఏముందో మూత తీసి చూసినాడా? మామ వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్న పని అది. బెల్లం, తుమ్మచెక్క నానేసి పులియబెట్టిన ఊటను మట్టికుండలో కాస్తే, అరచెయ్యి కుండకు ఆనించి లోపల ఏం జరుగుతాందో చెప్పేవాడు. కానీ పోలీసులు వచ్చినప్పుడల్లా కుండకు లాఠీతో ఒక్క పోటు. అంతే, నెల కష్టం వంక పాలు. ఆ ఏడు మూడు మార్లు పగలగొట్టినారు. అందుకే ఈ పీపా.

"ఎవురు కొట్టినా పగలదు నాయనా," అన్నాడు మా ఆయన.

కమ్మరి హనుమంతప్ప దాని మూతిలోని ఇత్తడి బిరడా ఊడబెరికినాడు. బుస్సుమని పాత గాలి బయటికొచ్చింది. లోపల అడుగు దాకా దిగిన గొట్టాన్ని కూడా లాగేసినాడు. వేపకొయ్యతో కొత్త బిరడా చెక్కి, నడుమ తొలిచి, రాగి గొట్టం దూర్చినాడు. ఆ గొట్టం వంపు తిరిగి నీళ్ళ బానలో మునిగి, అవతల బుడ్డిలోకి దిగుతుంది. సందులకు రాగిపిండి ముద్ద మెత్తినాము. పని ముచ్చటగా కుదిరింది.

వైశాఖంలో మొదటి కాపు. మేం కాసేది పగటి పూటే. రాత్రి మంట పెడితే మా బయలు మీద నాలుగు ఊర్లకు కనపడుతుంది. పగలైతే దుమ్ములో పొగ కలిసిపోతుంది. ఊరికి అర కోసు దూరంలో వంక ఉంది, నీళ్ళు లేని వంక. అందులోనే పొయ్యి. మా ఆయన కంపలు కొట్టుకొని వచ్చేసరికి మామ పీపాను వాటేసుకొని కూర్చొని ఉన్నాడు. అరచేతికి ఉక్కు పలకలేదని, అది ఇంకా గోరువెచ్చగా ఉండగానే చెవి ఆనించి వినబోయినాడు. వింటూ వింటూనే ప్రాణం పోయింది. లేపితే చెవి రాలేదు. కాలే ఉక్కుకు అంటుకొని సగం తోలు దాని మీదే ఉండిపోయింది.

దినాల నాడు వచ్చింది గొడవ.

చావు జరిగిన ఇంట్లో మట్టికుండలు ఉంచరు. బయట పడేసి పగలగొడతారు. చెంబూ బిందే అయితే చింతపండు, బూడిద వేసి తోమి, నిప్పు చూపించి లోపల పెట్టుకుంటారు. మట్టి మైలను తాగుతుంది, లోహం తాగదు. ఇది అందరికీ తెలిసిన లెక్క. మరి పీపాను ఏ లెక్కలో వేయాలి?

"అది కుండే," అన్నది మా అత్త నల్లమ్మ. "కుండ చేసే పని చేసింది. ఆయప్ప దాన్ని పట్టుకొనే పోయినాడు. పగలగొట్టండి."

మా ఆయన సమ్మెట తీసుకొని పది దెబ్బలు కొట్టినాడు. చిన్న సొట్ట పడింది. ఊరు ఊరంతా ఆ మోతకు చెవులు మూసుకుంది. పగలలేదు.

అప్పుడు అందరూ నా తిక్కు చూసినారు. నేను బెల్లం పొట్లం కాగితాన్ని కూడా వదలకుండా చదివేదాన్ని. తగువు వస్తే నా నోటికి ఎదురు నిలిచే మొగోడు ఆ ఊర్లో లేడు. "ఉక్కు లోహమా కాదా?" అన్నాను. "లోహమే కదా. తోమితే చాలు. అది చేసిన పనిని చూసి మైల పెరుగుతుందా, తగ్గుతుందా? తీసుకరాండి చింతపండు."

నేనే తోమినాను. నా చేతులతో. అంతా తెల్లబడింది. చెవి అంటిన చోట మాత్రం, చెవి ఆకారంలోనే, గోధుమ రంగు మచ్చ. బూడిద వేసినా పోలేదు, ఇసుక వేసినా పోలేదు. పోకపోతే పోనీ అనుకున్నాను.

రెండో కాపుకు పోయి వచ్చిన మా ఆయన దగ్గుతూ వచ్చినాడు. లోపల రాళ్ళు దొర్లినట్టు ఉండే దగ్గు. మామ దగ్గు. పొగ పట్టిందిలే అనుకున్నాను.

మూడో కాపు తర్వాత అన్నం ముందు కూర్చొని కంచాన్ని వేలి కణుపుతో కొట్టినాడు. టిక్. టిక్. టిక్. ఆగి, విన్నాడు.

"ఏమయ్యా అది?"

"యాది?" అన్నాడు. తనకు తెలియనే తెలియదు.

నాలుగో కాపు నుంచి వచ్చిన సాయంత్రం గడప దాటుతూ నన్ను చూసి, చెప్పులు విప్పుతూ అన్నాడు. "నీళ్ళు తీసుకరా కోడలా."

నేను కదల్లేదు. ఆయన తల ఎత్తినాడు. కండ్లు నా మొగుడివే. వాటి వెనక ఉన్నది... ఎవరో నాకు తెలుసు.

పోయిన మామకు నేను ఏమీ చేయలేను. ఉన్న మొగుణ్ణి మాత్రం ఇచ్చుకోను. ఆ పీపా దగ్గరికి ఇంక పోవద్దని మూడు దినాలు తిట్టినాను, ఏడ్చినాను, వాకిలికి అడ్డం పడుకున్నాను. ఆషాఢంలో ఒక మధ్యాన్నం నేను నీళ్ళకు పోయి వచ్చేసరికి ఇంట్లో లేడు.

"ఊట పులిసిందని పోయినాడు," అన్నది అత్త. "వాళ్ళ నాయన పిలిచినాడంట."

బండలు పెకిలించే ఇనుప గడారు తీసుకొని పరుగెత్తినాను.

ఆషాఢం గాలి మీకు తెలుసో లేదో. చినుకు ఉండదు. బయలంతా లేచి నడుస్తుంది. మూడు గంటల పొద్దులో ఆకాశం ఎర్రగా కమిలి, తర్వాత నల్లబడింది. ముందు పెట్టిన కాలు నాకే కనపడలేదు. నోట్లో మన్ను, కండ్లలో మన్ను. తంగేడు పొదలు చీరను పట్టి లాగుతుంటే, పొదలేనా అని వెనక్కి చూసే ధైర్యం కూడా లేదు. పులిసిన ఊట వాసన పట్టుకొని నడిచినాను. దాంతో పాటు ఇంకో వాసన. చుట్ట, ఆముదం, ముసలి చెమట. అది కూడా నాకు తెలిసిందే.

వంకలోకి దిగితే గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. పైన హోరు. కింద నిశ్శబ్దం.

పొయ్యి నిండా మంట. పీపా పక్కన తడి గోనె అడ్డం పెట్టుకొని, ఆ మచ్చ ఉన్న చోటే చెవి ఆనించి కూర్చున్నాడు మా ఆయన. పెదవులు కదులుతున్నాయి.

"ఊఁ... ఊఁ నాయనా... లేదు... పోనీయను..."

నాకు మొదట ఒకటే అనుమానం వచ్చింది. చుక్క పడే చప్పుడు లేదు. అంత మంట మీద ఊట కుతకుత ఉడుకుతుంటే బుడ్డిలో ధార పడాలి. బుడ్డి ఎండిపోయి ఉంది. వంగి చూసినాను. గొట్టం కొసను గుడ్డతో, రాగిపిండి ముద్దతో బిగించి, తీగతో కట్టేసినాడు. వేప బిరడాకు కూడా పైన తీగ చుట్టి కట్లకు బిగించినాడు. ఆవిరికి దారి లేదు. పీపా నెత్తి ఉబ్బి ఉంది.

"ఏం పని చేసినావయ్యా! పేలుతుంది, లెయ్!"

"గట్టిగా అరవొద్దు," అని గుసగుసలాడినాడు. "నాయన దీంట్లోనే ఉండాడు. కాసినప్పుడల్లా బొట్టు బొట్టుగా బయటికి పోతాండాడే. బుడ్లల్లో పోసి అమ్ముకున్నాం. ఎవురెవురో తాగేసినారు నాయనను. ఇంక పోనీయను."

అప్పుడు విన్నాను.

టిక్. టిక్. టిక్.

పీపా లోపలి నుంచి.

ఆగింది. విన్నట్టు ఆగింది. మళ్ళీ... టిక్... టిక్... ఈసారి నేను నిలబడిన పక్కన.

పొయ్యిలో కట్టె లాగబోయినాను. నా ముంజేయి పట్టుకున్నాడు. అరవై ఏండ్ల మామ పట్టు అది.

"ముట్టొద్దు కోడలా."

చెంప పగలగొట్టినాను. "కోడలెవర్రా? నీ పెండ్లాన్ని! తిమ్మక్కను! నా పేరు పలుకు చూద్దాం, నీలో ఏమన్నా మిగిలి ఉంటే!"

నోరు తెరిచినాడు. పేరు రాలేదు. కండ్లలో నీళ్ళు వచ్చినాయి. ఆ నీళ్ళు మాత్రం నా మొగుడివి.

గడారు ఎత్తి రాగి గొట్టం మీద ఒక్క పోటు వేసినాను.

గొట్టం తెగింది. ఆవిరి తన్నుకొని వచ్చింది. చెయ్యి కాలింది. మా ఆయన నడుము పట్టుకొని ఇసుకలో పడినాను. ఆవిరి వస్తూనే ఉంది. అది ఆవిరి చేసే చప్పుడు కాదు. ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి. వస్తూ... వస్తూ... తెల్లగా వంకంతా నిండింది. నా చెయ్యి నాకే కనపడలేదు.

అందులో నుంచి, నా చెవికి జానెడు దూరంలో, తడి గొంతు.

"అమ్మీ... కండ్లు కనపడలా... ఇల్లు యాడుండాది?"

పన్నెండేండ్లు ఆ ఇంట్లో కోడలిగా ఉన్నాను. మామ అడిగితే జవాబు చెప్పడం ఒంటికి అలవాటు. బుద్ధి అడ్డం పడే లోపలే నా కాలిన చెయ్యి లేచింది. ఊరి తిక్కు చూపించింది.

"ఆడ... తూర్పుకు పో మామా," అన్నది నా నోరు.

ఆవిరి ఆగిపోయింది.

పైన గాలి కూడా తగ్గింది. దుమ్ము దిగుతూ, పొద్దుగుంకే ముందరి పచ్చటి ఎండ వంకలో పడింది. మా ఆయన లేచి కూర్చొని, నా చేతి మీది బొబ్బలు చూసి గొల్లుమన్నాడు.

"ఎంత కాలిందే తిమ్మీ! దయ్యం మాదిరి ఆ గడారు ఎందుకు ఎత్తినావే!"

తిమ్మీ. ఆ ఒక్క మాటకు నా ఒంట్లోని భయమంతా ఏడుపై బయటికొచ్చింది. తిడుతూ ఏడ్చినాను. ఆయన నవ్వినాడు, తన నవ్వే. దగ్గు లేదు. పీపాను అక్కడే వదిలేసి, ఒకరి భుజం ఒకరు పట్టుకొని ఊరికి నడిచినాము. దారిలో అన్నాడు, "కూలికి పోదాం. బండలు కొడదాం. ఇంక ఇది వద్దు." సరే అన్నాను. నా మొగుడు నాకు దొరికినాడు. ఇంకేం కావాల.

ఇంటికి చేరేసరికి దీపాల వేళ. మా వాకిలి చిమ్మి నీళ్ళు చల్లి ఉంది. తాగను నీళ్ళు లేని ఊర్లో.

"అత్తా!" అని పిలిచినాను.

లోపలి గది తలుపు కొంచెం తెరుచుకుంది. అత్త బయటికొచ్చి, వెనక తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"అరవొద్దమ్మీ. బో అలిసిపోయి వచ్చినాడు. ఇప్పుడే నిద్ర పట్టింది."

మా ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన వేళ్ళు నా భుజం మీద బిగుసుకున్నాయి.

"ఎవురు...?" అన్నాను.

అత్త సిగ్గుపడి తల వంచుకుంది. నుదుటి మీద కాసంత కుంకుమ. దినాల నాడు గాజులు పగలగొట్టిన ఆ రెండు చేతుల నిండా పచ్చ గాజులు, తోలు ఒరిసేంత బిగువుగా, చెయ్యి నలిపి నలిపి ఎవరో తొడిగితే తప్ప ఎక్కని గాజులు.

గాజులోడు మా ఊరికి వచ్చి ఆర్నెల్లయింది.