నల్లతెరలో మనిషి

రాయదుర్గంలో ఓ అద్దాల మేడ మీద సినిమాలు ఎడిటింగ్ చేసే చిన్న ఆఫీసు ఉంది. అందులో చివరి గదికి మంచి పేరు లేదు. తెర నల్లబడితే చాలు... ఎవరో ఆడమనిషి కూర్చుని ఏడుస్తూ కనిపిస్తుందట.

ఉమాశ్రీకి ఆ గదిలోనే పని పడింది. ఆమె తమ్ముడు జశ్వంత్ సగంలో వదిలేసిన సినిమా అక్కడే ఉంది. నెల కిందట ఓ రాత్రి, నార్సింగిలో ఉన్న అక్క ఇంటికి వస్తూ, బండి జారి చనిపోయాడు. ఆ వేళప్పుడు ఎందుకు బయల్దేరాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. సినిమా తెల్లారేలోగా పంపకపోతే పోటీకి అందదు. వాడి పేరున మిగిలేది అదొక్కటే.

తమ్ముడు పోయినా ఆమె కంట చుక్క నీరు రాలేదు. "దీనిది గుండేనా, బండా?" అంది మేనత్త, అందరూ వింటుండగానే. ఆ మాటా తగల్లేదు. పన్ను పీకే ముందు మత్తు సూది వేసినట్టు... ఒళ్ళంతా అలాగే ఉంది.

"ఆ గదిల ఒక్కదానివే కూసుంటవా అమ్మా? జర పైలం," అన్నాడు వాచ్‌మన్ బాలనర్సయ్య.

"ఏడిస్తే ఏడవనీ తాతా. నన్నేం చేస్తుంది?"

జశ్వంత్ సినిమాలో కథ లేదు. ఏ భావమూ లేని వాడి ముఖమే మళ్ళీ మళ్ళీ వస్తుంది. దాని పక్కన అన్నం కంచం అతికిస్తే— వాడికి ఆకలేస్తున్నట్టుంది. ఖాళీ మంచం అతికిస్తే— ఎవరికోసమో బెంగపడ్డట్టుంది. ముఖం మాత్రం అదే. పక్కనున్నదాన్ని బట్టి చూసేవాళ్ళే అర్థం మార్చుకుంటారు. ఎడిటింగ్‌లో మొదటి పాఠం అది. వాడికి అక్కే నేర్పింది.

అతుకుకీ అతుకుకీ మధ్య కాసేపు నల్లతెర ఉంచడం మాత్రం వాడి సొంత పద్ధతి.

ముఖం... ఖాళీ మంచం... నలుపు.

నలుపులో ఎవరో ఉన్నారు.

ముందుకి వంగి చూసింది. ఆడమనిషి. రేగిన జుట్టు. చెంపల మీద నీళ్ళు... ఉమాశ్రీ సినిమాని వెనక్కి జరిపింది— తమ్ముడి ముఖం. ముందుకి జరిపింది— మళ్ళీ ఆవిడే.

అలాంటి షాటు ఎవరూ తియ్యలేదు.

మెల్లగా తన చెంప తడుముకుంది. తడి.

తెరలో ఆవిడా తడుముకుంది.

నల్లబడ్డ తెర అద్దమే కదా. ఎప్పుడు మొదలైందో ఏమో, ఏడుస్తున్నది తనే. అలా ఏడుస్తూనే సినిమా ముగించి పంపేసింది.

తెల్లారి కిందికి దిగి చెప్పింది. "దెయ్యమూ లేదు, ఏమీ లేదు తాతా. తెర మీద మన నీడే."

బాలనర్సయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"గట్లెట్లమ్మా? ఆమెను మొదలు జూసింది మీ తమ్ముడే."

"...ఏమన్నాడు?"

"'నల్లతెరల మా అక్క కూసోని ఏడుస్తున్నది తాతా, పిలిస్తే పలుకుతలేదు' అన్నడు. 'ఆమెకేమైందో చూసొస్త' అని... అప్పుడే బండి తీసిండు."