అమ్మ ముఖం అంటించుకున్న మధ్యాహ్నం

పూర్ణా మార్కెట్ వెనక సందులో, ఎండుమిర్చి కొట్టు పైన మా చెల్లి హేమశ్రీ క్లాసులు చెబుతుంది. సినిమావాళ్ళకి ముసలి ముఖాలూ, కాలిన చర్మాలూ చేసి అంటించే విద్య అది. హైదరాబాద్‌లో చాలా ఏళ్ళు చేసొచ్చి, ఇప్పుడు ఇక్కడి పిల్లలకి నేర్పుతోంది.

మా అమ్మ పాపాయమ్మకి ఫొటో లేదు. జ్వరంతో పోయిందని చెబుతారు. అప్పటికి హేమ పాలు తాగే పిల్ల. నాకు కాస్త ఊహ తెలిసిన వయసు. అమ్మ ముఖం ఎరిగినవాళ్ళం ఇక ఇద్దరమే మిగిలాం, నేనూ, మంగాయమ్మ పిన్నీ. పిన్ని అమ్మకి సొంత చెల్లెలు. అమ్మ పోయాక నాన్న ఆవిడనే చేసుకున్నాడు. మమ్మల్ని పెంచింది ఆవిడే.

మా ఇంటి తద్దినాలూ, చుట్టరికాలూ అన్నీ నాకు నోటికొచ్చు. అమ్మ ముఖమే ఏటికేడాదీ చెరిగిపోతోంది. పూర్తిగా పోకముందే ఒక్కసారి చూసుకోవాలని నా ఆశ.

“నీ ముఖం మీదే అమ్మని తెస్తాను. నువ్వు సెప్పు, నాను సేత్తాను,” అంది హేమ.

నేను చెబుతూ ఉంటే మట్టితో దిద్దింది. అచ్చు తీసి, చర్మంలాంటి పల్చటి సిలికాన్ ముక్కలు పోసింది.

ఆ మధ్యాహ్నం అప్పన్న స్వామికి దీపం పెట్టుకుని, మల్కాపురం నుంచి పిన్నిని ఆటోలో హేమ క్లాసుకి తీసుకెళ్ళాను. పిన్ని చూసి అవునంటేనే అది అమ్మ ముఖమని నమ్మకం.

“ఏటే, మీ మేష్టరమ్మ నన్ను పడుసుపిల్లని సేత్తాదేటి?” అని పిన్ని పిల్లల్ని అడిగింది.

“అదొక్కటీ మాకింకా నేర్పలేదు మామ్మా,” అందొక పిల్ల. అందరూ నవ్వారు.

హేమ నన్ను కళ్ళు మూసుకోమంది.

చీకటి. కింద నుంచి మిరప ఘాటు, పైన గమ్ము వాసన. ఎక్కడో ఓడ కూత. తడి బ్రష్షు నుదురు మీద, బుగ్గల మీద, గడ్డం మీద... మెత్తగా నడిచి ఆగింది.

తరవాత మెడ మీద ఏదో ఆనింది. చల్లగా. బ్రష్షుకి అంత బరువుండదు.

“హేమా... మెల్లిగా.”

జవాబు గది అవతలి మూల నుంచి వచ్చింది. “రంగు కలుపుతన్నానక్కా. నీ దగ్గర లేను.”

కళ్ళు తెరిచాను.

అద్దంలో అమ్మ. పైపెదవి మీద పుట్టుమచ్చ, లోతు కళ్ళు... అమ్మే. ఏడిస్తే గమ్ము ఊడుతుందని కన్నీళ్ళు ఆపుకున్నాను. అప్పుడు కనబడింది మెడ. ఒక పక్క నాలుగు నీలి చారలు. రెండో పక్క ఒకటి.

“ఇదేటి హేమా?”

“అది నాను వెయ్యలేదక్కా.”

నా వెనక కుర్చీ కిర్రుమంది. పిన్ని లేచి నిలబడింది. నన్ను పైడీ అని పేరు పెట్టి పిలవలేదు.

“అక్కా,” అంది.

దగ్గరికొచ్చింది. కుడిచెయ్యి దానంతటదే లేచి నా మెడ మీద పడింది. ఒక్కో వేలూ ఒక్కో చార మీద కూర్చుంది. వంకర చిటికెనవేలు కూడా... సరిగ్గా.

నాకు జడలేసిన చెయ్యి అది. ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి. అమ్మ జ్వరం సంగతి ఏటా తద్దినంనాడు చెప్పి, నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది ఈ పిన్నే.

ఆవిడ చెయ్యి లాక్కోబోయింది. రాలేదు.

“వదలమనే పైడీ... మీ అమ్మని వదలమను...”

హేమ గమ్ము కరిగించే మందు పోసి, వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసింది. ఊడదీస్తూ నా చెవిలో గొణిగింది.

“మెడకి నాను గమ్ము రాయలేదక్కా.”

ముఖం ఊడివచ్చింది. మెడ మీది చారలూ పోయాయి. పిన్నిని ఏమని అడగను? చిన్నప్పుడు ఆవిడని అమ్మా అని పిలిచిన నోరు ఇది.

ఆ రోజు నుంచి ఆవిడ కుడిచెయ్యి చాపుకోలేదు. వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు గుండ్రంగా బిగుసుకున్నాయి. నరం పట్టేసిందన్నాడు డాక్టరు. రోజూ నేనే గంజి పడుతున్నాను. చెంచా నోట్లో పెడతాను. పిన్ని ఇంకా మింగదు... ఆ వేళ్ళు మాత్రం కాస్త విచ్చుకుని, మళ్ళీ ముడుచుకుంటాయి. వాటి మధ్య ఎవరిదో గొంతు గుటక వేసినట్టు.