కాపీ లేని క్యాసెట్

అల్మారా తెరిచే ఉంది. క్యాసెట్ లేదు.

"తాళం పగలగొట్టిండ్రా?" అడిగింది అమల.

"లేదు మేడం. నిన్న నేనే ఎయ్యలే," అన్నాడు తౌఫీఖ్.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్క సందులో, మేడ మీది గది అది. మగవాళ్లను ప్రేమించిన కవులు, ఆడవాళ్లను ప్రేమించిన కవయిత్రులు ఒకప్పుడు తలుపులు మూసుకొని చదువుకున్న కవితలు అక్కడి పాత టేపుల్లో ఉన్నాయి. తౌఫీఖ్ వాటిని ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు. పోలీసులు నవ్వుతారని ప్రైవేట్ డిటెక్టివ్ అమలను పిలిచాడు.

పోయింది కవయిత్రి నిఖత్ క్యాసెట్. ఆమె చనిపోయి చాలా ఏళ్లయింది. ఆమె గొంతు మిగిలింది అందులోనే.

"కాపీ?"

"లేదు. రీలుకు ఫంగస్ పట్టింది. క్లీన్ చెయ్యకుండ ప్లేయర్ల ఏస్తే తెగిపోతది."

అమలకు కాలు నిలవలేదు. గదిలో అటూ ఇటూ తిరిగింది. కింద బస్సుల హారన్లు ఆగడం లేదు.

"నిన్న ఎవరెవరొచ్చిండ్రు?"

ముగ్గురు. నిఖత్ తమ్ముడి మనవరాలు యాస్మీన్. మెషిన్లు బాగుచేసే ఖయ్యూం. పాత గొంతులు గుర్తుపట్టి పేర్లు చెప్పే రిటైర్డ్ టీచర్ వజీరున్నీసా.

మొదటి ఇద్దరూ ఫోన్ చేయగానే వచ్చారు. వజీరున్నీసా ఫోన్ ఎత్తలేదు.

"టేపులన్నీ కాలవెట్టుమని లొల్లి చేసినవంట?" అమల యాస్మీన్‌ను సూటిగా అడిగింది.

ఆ కాలేజీ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా ఇంట్ల అందరు తిడ్తుండ్రు. అందుకే అన్న. ముట్టుకోలే అక్కా."

"నువ్వు, ఖయ్యూం భాయ్?"

"నాకెందుకమ్మా? గంతగనం కావాలంటే రిపేరుకని చెప్పి దర్జాగ తీస్కపోకపోదునా?"

నిజమే. అమల తౌఫీఖ్ వైపు తిరిగింది. "ఇంకేం పోయింది? చిన్నదైనా సరే."

అతను బల్లంతా వెతికాడు. "ఏం లేదు. ఆఁ... పెన్సిల్ కనిపిస్తలేదు. గదేం లెక్క?"

అమల స్కూటీ తాళాలు అందుకుంది.

"వజీరున్నీసా ఇల్లెక్కడ?"

"బార్కస్‌ల."

"బండి తియ్. జల్ది!"

అమల స్కూటీ మీద, తౌఫీఖ్ బైక్ మీద, అతని వెనక యాస్మీన్. ట్రాఫిక్‌లో ప్రతి బ్రేకుకూ అమల పళ్లు కొరికింది.

వజీరున్నీసా ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల టేబుల్ మీద పాత టేప్ రికార్డర్. క్యాసెట్ పెట్టే ఉంది. వజీరున్నీసా వేలు బటన్ మీద.

"ఆగుండ్రి! నొక్కితే తెగిపోతది!" అరిచింది అమల.

వేలు ఆగింది. ముసలామె దొంగతనం ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. "ఒక్కసారి వినాలనుకున్న," అంది.

"ఈమేనని ఎట్ల తెలిసింది?" అడిగాడు తౌఫీఖ్, క్యాసెట్‌ను జాగ్రత్తగా బయటికి తీస్తూ.

"పెన్సిల్. చక్రంల పెట్టి వదులైన రీలు బిగిస్తరు. కాలవెట్టేటోళ్లకు అదెందుకు? వినేటోళ్లకే కావాలె. ఈ కాలం పిల్ల, యాస్మీన్‌కు ఆ సంగతే తెల్వదు. ఖయ్యూం దగ్గర పనిముట్లు బోలెడు. ఇగ మిగిలిందెవరు? నాశనం చేసేటోళ్ల కన్న వినాలనుకునేటోళ్లే దానికి ప్రమాదం. అందుకే ఉరికిన."

"చెప్పకపోతిరి అమ్మీ," అన్నాడు తౌఫీఖ్.

"ఏమని చెప్పాలె బేటా? ఆమె నాకేమైతదని చెప్పాలె?"

యాస్మీన్ మెల్లగా వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

వారం పట్టింది రీలు శుభ్రం చేయడానికి. అందరూ మళ్లీ మేడ మీది గదిలో చేరారు. తౌఫీఖ్ స్విచ్ వేశాడు.

బుస్సుమని శబ్దం. తర్వాత నిఖత్ గొంతు, ఎవరైనా వింటారేమోనన్నంత సన్నగా. "నవ్వకు వజీరూ, చదవనియ్యి. ఇది నీ మీద రాసిందే." వెనకనే ఒక పడుచుపిల్ల కిలకిల.

వజీరున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తౌఫీఖ్ టేపు ఆపాడు. "లోకమంతా వింటది అమ్మీ. మీ పేరు తీసెయ్యమంటే తీసేస్త."

ఆమె నోటి మీది కొంగు తీసింది.

"వద్దు, పేరు ఉండనియ్యి. మా నిఖత్ భయపడుకుంట చిన్నగ చదివింది," అంది. "నువ్వు జర జోరుగ పెట్టు."