పరదా వెనక నవ్వు

ఆ పొద్దు ఆకాశం కురవనూ లేదు, తెరిపియ్యనూ లేదు. కిషన్‌బాగ్ ఇళ్ల మీద తడిబట్టలా వేలాడుతోంది. రామ్‌చందర్ ఇంటి ముందు గదిలోని కిరాణా దుకాణం తెరిచి, బెల్లం మీది గోనె తీశాడు. లోపల తల్లి వరమ్మ గొంతు వినబడింది.

“నిన్న సినిమాకు పొమ్మన్నది నేనే. గా బొమ్మ బాగలేకుంటే మూట కట్టుకొని తల్లిగారింటికి పోతరా బిడ్డా?”

“బొమ్మకు కాదత్తమ్మా,” అంది కోడలు కళావతి.

యుద్ధం నడుస్తుండగా, పెళ్లైన కొత్తలో, ఆ బొమ్మ మొదటి భాగం చూశారు ఆలుమగలిద్దరూ. ఆడవాళ్లు జనానాలో, పరదా వెనక, మగవాళ్లు ముందు. అంత జనంలోనూ గలగలా పొర్లిన ఆ నవ్వు తన భార్యదేనని రామ్‌చందర్ పోల్చుకున్నాడు. అంతవరకు నోరు విప్పని పిల్ల, తిరుగు టాంగాలో దారంతా ముచ్చట్లే చెప్పింది. అందుకే రెండో భాగం వచ్చిందనగానే, నెల నుంచి ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లను వరమ్మ పంపింది. తీరా చూస్తే, అప్పుడు ఒకరినొకరు ఆటపట్టించుకున్న జంట ఇందులో కూర్చుని ఏడుస్తూ నీతులు చెప్పింది. సగం జనం మధ్యలోనే లేచి వెళ్లారు.

ఉప్పుకు వచ్చిన పక్కింటి షౌకత్ బీ గడప మీద కూలబడింది. “పాడు బొమ్మ, భాయ్. బొమ్మల గా పిల్ల తండ్రి మేక వెంట ఉరికినప్పుడొక్కటే నవ్వొచ్చింది.”

“గప్పుడు గూడ మా ఆమె నవ్వలే.”

“నవ్వకేం? నా పక్కనే కూసున్నది. కొంగు నోట్ల కుక్కుకున్నది. నవ్వరాదా బేటీ అంటే, ‘ఆయనకు వినబడుతది చాచీ’ అన్నది.”

రామ్‌చందర్ చేతిలో తక్కెడ ఆగిపోయింది. నెల కింద గిరాకీలు కూర్చుని ఉండగా లోపలి నుంచి నవ్వు వినబడితే, అందరి ముందూ కేకేసింది తనే: “గిది ఇల్లా, తమాషా జాగనా?”

ఉప్పు కట్టిచ్చి లోపలికి నడిచాడు. కళావతి మూట పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

“నిన్న నీకు నవ్వొచ్చిందట.”

“వస్తె? మీ గిరాకీల ముందట పరువేం గాను?” ఆమె గొంతు పెంచలేదు. “మా అమ్మగారింట్ల నవ్వుకుంట. అక్కడ దుకాణం లేదు.”

“నిన్న నేను బొమ్మ సక్కగ జూడనే లేదు,” అన్నాడతను నేల చూస్తూ. “నీ నవ్వు వినబడుతదేమోనని చెవి పరదా దిక్కే పెట్టుకున్న. తప్పు నాదే.”

ఆమె మూట గోడవారకు దించింది.

వరమ్మ కొడుకు ముందు కంచం పెట్టింది. ఆ ఇంట్లో మగవాళ్లు తిని లేచాకే ఆడవాళ్లు కూర్చునేది. రామ్‌చందర్ లేచి, తనే ఇంకో రెండు కంచాలు తెచ్చి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని ఆగాడు. అత్త కోడలి మొహం చూసింది. ఇద్దరూ కూర్చున్నారు.

జొన్నరొట్టె, చింతకాయ తొక్కు. సందులో ఎవరిదో మేక అరిచింది. కళావతి చెయ్యి కొంగు దాకా పోయి, ఆగి, మళ్లీ కంచంలోకి వచ్చింది. పెదవుల మీది నవ్వు అట్లాగే ఉంది. ముగ్గురూ కలిసి తిన్నారు.