పనీపాటా లేని వైరు

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి ప్రీతి విసిరిన స్కూలు బ్యాగు మంచం దాటి గోడకి తగిలింది.

“మామ్మా, మన స్టార్ పడిపోయింది!”

గుండుగొలనులో ఆ వీధంతా క్రిస్మస్ స్టార్లే. ప్రీతి వాళ్ళది మాత్రం గాలికి తాడు తెగి, వాకిట్లో వెల్లకిలా పడి ఉంది. ఏడింటికల్లా చర్చి వాళ్ళు క్యారల్స్ పాడుకుంటూ ఇంటింటికీ వస్తారు. స్టార్ లేని వాకిట్లో నిలబడాలంటే ఎంత నామర్దా!

హన్నమ్మ మామ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలైనా ఎత్తలేదు. “మీ అమ్మ జిరాక్సు షాపుకి వెళ్ళిందే. రాగానే తనే కడుతుందిలే. కాస్త ఆగు.”

ఆగడం! ప్రీతికి లోకంలో చేతకాని పని అదొక్కటే. అయిదో తరగతి టీచరు రోజుకి పదిసార్లయినా “ప్రీతీ, కూర్చో” అంటారు. పళ్ళు తోముకోమంటే బ్రష్షు నోట్లో పెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొస్తుంది. ఇడ్లీ ఉడికిందో లేదో చూడ్డానికి నాలుగుసార్లు మూత తీస్తుంది. ఆ ఇడ్లీ ఇంకెప్పుడు ఉడకాలి పాపం!

ఎదురింటి మనస్వి స్టార్‌ని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. “కాగితం చిరగలేదే. తాడుంటే చాలు.”

ప్రీతి ఇల్లంతా గాలించింది. ఒక పురికొస ముక్క దొరికింది గానీ, లాగి చూస్తే పుటుక్కున తెగింది. అప్పుడు బల్ల మీద ఉన్న బోర్డు మీద ఆమె కళ్ళు పడ్డాయి.

అది వాళ్ళమ్మ నిర్మల తయారుచేసిన బోర్డు. ఏసీ లోపల ఉండే సర్క్యూట్‌కి చిన్న నమూనా. చెక్క మీద ఒక ఇనప డబ్బా, డబ్బాలో చిన్న ఫ్యాన్ మోటారు, పక్కన ఒక స్విచ్చి, చివర మూడు పిన్నుల ప్లగ్గు. మూడు రంగుల వైర్లు.

నిర్మల మొన్నమొన్నటిదాకా రొయ్యల షెడ్డులో పనిచేసింది. పొద్దుటి నుంచీ ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచేది. వేళ్ళు పగిలి, కూరలో ఉప్పు వేయాలన్నా భగ్గున మండేవి. ఒకసారి షెడ్డులో కూలింగ్ మిషను ఆగిపోతే, బాగుచేసే మనిషి కోసం రెండు రోజులు ఎదురుచూశారు. “ఆ పనేదో మనమే నేర్చుకుంటే పోలా?” అనుకుని నిర్మల ఏలూరులో ఏసీ మెకానిక్ కోర్సులో చేరిపోయింది. రేపే ప్రాక్టికల్ పరీక్ష. పాసైతే భీమడోలు దగ్గర కోల్డ్ స్టోరేజీలో పని సిద్ధంగా ఉంది. ఫెయిలైతే మళ్ళీ ఆ ఐసు, ఆ రొయ్యలే.

ఇవన్నీ ప్రీతికి తెలుసు. వైర్ల సంగతి కూడా తెలుసు. “ఎర్రది కరెంటు తెస్తుంది, నల్లది తిరిగి తీసుకెళ్తుంది, ఆకుపచ్చది ఎర్త్” అని అమ్మ నెలరోజులుగా పైకి చదువుతుంటే, అమ్మకంటే ముందు కూతురికే కంఠతా వచ్చేసింది. పైగా మొన్నొకసారి అమ్మ ఆకుపచ్చ వైరు బిగించడం మర్చిపోయింది. అయినా ఫ్యాన్ చక్కగా తిరిగింది. అమ్మ నాలుక కరుచుకుని మళ్ళీ బిగించింది. ఎందుకు బిగించిందో అడిగే తీరిక ప్రీతికెక్కడిది?

“ఇదిగో తాడు!” అంది ప్రీతి.

“అది మీ అమ్మది కదే. అడగవా?”

“అడిగేంత పెద్ద విషయమా ఇది? ఈ గ్రీన్ వైరుకి పనీపాటా ఏం లేదే. ఇది లేకపోయినా ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది. నేను చూశాగా.”

“మరి ఎందుకు పెట్టారు?”

“అందానికి పెట్టుంటారు.”

బోర్డు ప్లగ్గు ఎక్కడా పెట్టి లేదు. ప్రీతి డబ్బా మూతా, ప్లగ్గు మూతా తీసి, ఆకుపచ్చ వైరున్న స్క్రూలు వదులు చేసింది. గజం పొడవు వైరు చేతికొచ్చింది. మూతలు మళ్ళీ ఎప్పటిలా బిగించేసింది. పది నిమిషాల్లో స్టార్ చూరుకి వేలాడుతోంది.

నిర్మల ఆదరాబాదరాగా వచ్చింది. “అరె, స్టార్ కట్టేశారే! బంగారు తల్లులు” అంది గానీ, తల పైకెత్తి చూసే తీరిక ఆమెకీ లేదు. హాల్‌టికెట్టు, ఫొటోలు, జిరాక్సులు అన్నీ సర్దుకుని బోర్డుని సంచిలో పెట్టేసింది.

ఏడింటికి క్యారల్స్ వచ్చాయి. అందరూ స్టార్ బాగుందన్నారు. ప్రీతి పాడుతూ పాడుతూ ఒకసారి ఆ సంచి వైపు చూసింది. అమ్మతో చెప్పేద్దామా అనుకుంది. అంతలో కేకు పళ్ళెం రానే వచ్చింది. ఇంకేముంది, చెప్పడం మర్చిపోయింది.

మర్నాడు రెండో శనివారం. స్కూలు లేదు.

“నిన్ను వదిలి వెళ్తే ఇల్లు పీకి పందిరేస్తావు. మామ్మ నీ వెనకాల పరిగెత్తలేదు. నడు” అని నిర్మల ప్రీతిని కూడా ఏలూరు బస్సెక్కించింది.

ట్రైనింగ్ సెంటరు హాల్లో పధ్నాలుగు మంది, పధ్నాలుగు బోర్డులు. వాళ్ళకి నేర్పిన కనకరత్నం సారు జేబులో మూడు టెస్టర్లు గుచ్చుకుని నిలబడ్డారు. ప్రీతిని గోడ పక్కన బెంచీ మీద కూర్చోమన్నారు. ఆమె మూడు నిమిషాల్లో ఆ బెంచీకి రెండు చివర్లా కూర్చుని, మళ్ళీ మధ్యకొచ్చింది.

“ప్లగ్గు పెట్టే ముందు, ‘చెక్ చేశాను’ అని నాకు చెప్పాలండీ” అన్నారు సారు. “చెప్పాక మాట మార్చడానికి వీల్లేదు.”

మొదట దత్తసాయి అనే కుర్రాడి వంతు. చెప్పాడు, ప్లగ్గు పెట్టాడు, స్విచ్చి వేశాడు. ఫ్యాన్ తిరిగింది. ఓస్, ఇంతేనా అనుకుంది ప్రీతి.

ఇంతే కాదు. సారు రబ్బరు గ్లవ్స్ తొడుక్కున్నారు. “ఇప్పుడు నేను కావాలనే ఒక తప్పు చేస్తాను. ఇది నా ఒక్కడి పని. మీరెవరూ ఎప్పుడూ చేయకూడదు” అంటూ, ఒక టెస్ట్ వైరుతో కరెంటుని ఇనప డబ్బాకి తాకించారు.

టప్! గోడ మీది ట్రిప్ స్విచ్చి దానంతటదే పడిపోయింది. ఫ్యాన్ ఆగిపోయింది.

“చూశారా? మోటారు లోపల వైరు తొడుగు ఊడిపోయి డబ్బాకి తగిలిందనుకోండి. కరెంటు ఈ గ్రీన్ వైరు పట్టుకుని నేలలోకి పోతుంది. వెంటనే ట్రిప్ పడుతుంది. మనిషికేం కాదు.”

“మరి ఆ వైరు లేకపోతేనండీ?” అని ఎవరో అడిగారు.

“ట్రిప్ పడదు. ఫ్యాన్ మామూలుగానే తిరుగుతూ ఉంటుంది. అంతా బానే ఉందనుకుంటాం. డబ్బా మీద చెయ్యేసిన మనిషి మాత్రం ఇంక లేవడు.”

ప్రీతి కళ్ళు అమ్మ బోర్డు మీదికి వెళ్ళాయి.

రెండో బోర్డు అయింది. టప్. మూడో వంతు నిర్మలది.

చెప్తే? ఇంతమందిలో అమ్మ పరువు పోతుంది. పరీక్ష పోతుంది. మళ్ళీ ఐసు, మళ్ళీ పగిలిన వేళ్ళు. చెప్పకపోతే? అమ్మ ఎడమ చెయ్యి అప్పుడే ఇనప డబ్బా మీద ఉంది. కుడి చేతిలో ప్లగ్గు ఉంది.

“చెక్ చేశాను సార్” అంది నిర్మల, ధీమాగా.

“అమ్మా! పెట్టొద్దు! ముట్టుకోవద్దు!”

ఆ కేకకి హాలంతా తిరిగి చూసింది. ప్రీతి బెంచీ మీంచి ఎప్పుడు లేచిందో, ఎప్పుడు అమ్మ చెయ్యి పట్టి లాగిందో ఆమెకే తెలీదు.

“గ్రీన్ వైరు లేదమ్మా. నేనే తీసేశాను. స్టార్‌కి కట్టాను.”

నిర్మల మూత విప్పి చూసింది. ఎర్ర వైరుంది, నల్ల వైరుంది. ఆకుపచ్చ వైరు లేదు.

“నిన్న మూడింటికి చూశానండీ. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మా అమ్మాయి...” అని ఆగిపోయింది.

“నిన్న చూసింది నిన్నటికేనండీ” అన్నారు కనకరత్నం సారు మెల్లగా. “ఎవరు తీశారన్నది మీ ఇంటి విషయం. ప్లగ్గు పెట్టే ముందు చూసుకోవాల్సింది మెకానిక్కే కదండీ? పది మార్కులు పోయాయి. అందరిదీ అయ్యాక ఇరవై నిమిషాలిస్తాను. ఇంకొక్క తప్పున్నా పాస్ చేయలేను.”

“తప్పు నాదండీ!” అంది ప్రీతి. “మా అమ్మ మార్కులు తీసేయకండీ.”

“మార్కులు నీకివ్వట్లేదు కదమ్మా” అన్నారు సారు.

నిర్మల కూతురి వైపు చూడకుండా బోర్డుని పక్కకి తీసుకెళ్ళింది. తిట్టినా బాగుండేది. నాలుగు తగిలించినా బాగుండేది.

మిగతా పదకొండు మందిదీ అయ్యేసరికి పన్నెండు దాటింది. దత్తసాయి తన వైర్ల చుట్టలోంచి ఆకుపచ్చ వైరు గజం కోసి ఇచ్చాడు. నిర్మల బిగించడానికి కూర్చుంది. స్క్రూ రెండుసార్లు జారి కింద పడింది. రెండుసార్లూ ప్రీతే వెతికి ఇచ్చింది.

ఎలాగో వైరు బిగించడం అయింది. ఇప్పుడు మీటరుతో చూడాలి. దానికి రెండు చేతులు చాలవు.

“ఇలా రా” అంది నిర్మల. వైరు సంగతి బయటపడ్డాక ఆమె కూతురితో అన్న మొదటి మాట అదే. “ఈ ప్లగ్గులో లావు పిన్నుంది చూడు. మీటరు వైరు చివరున్న ముల్లుని దానికి ఆనించి పట్టుకో. అవతలి ముల్లు నేను తాకిస్తాను. వైరు సరిగ్గా కలిస్తే కుయ్‌మంటుంది. నువ్వు కదిలితే అనదు.”

ప్రీతి బల్ల పక్కన నిలబడి పట్టుకుంది. ముక్కు దురద పెట్టింది. గోక్కోలేదు. బయట ఎవరో మోటారు సైకిలు స్టార్ట్ చేశారు. చూడలేదు. చెమట కంట్లోకి జారింది. కళ్ళు మూసుకుంది గానీ చెయ్యి కదపలేదు.

నిర్మల రెండో ముల్లుని మోటారుకి తాకించింది. కుయ్‌మంది. డబ్బాకి తాకించింది. కుయ్‌మంది.

“అయిదు నిమిషాలండీ” అన్నారు సారు.

“అయిపోయిందండీ” అని నిర్మల గబగబా మూత పెట్టి స్క్రూలు బిగించి, మీటరు తీసేయబోయింది.

“అమ్మా, ఆగు” అంది ప్రీతి. “మూత కూడా ఇనపదే కదా. దాన్ని చూడలేదు.”

“డబ్బాకి తగులుతోంది కదే. టైం లేదు.”

“చూడమ్మా. నేను పట్టుకునే ఉన్నాను.”

నిర్మల ఒక క్షణం కూతురి మొహంలోకి చూసింది. ముల్లుని మూతకి తాకించింది.

మీటరు పలకలేదు.

ఇంకోసారి గట్టిగా నొక్కింది. ఊహూఁ. మూత విప్పి వెనక్కి తిప్పి చూస్తే, స్క్రూ చుట్టూ దళసరిగా రంగు ఉంది. రంగు అడ్డం ఉంటే ఇనుము ఇనుముకి ఎలా తగులుతుంది? నిర్మల చాకుతో రంగు బరబరా గీకేసింది. స్క్రూ బిగించింది. మళ్ళీ తాకించింది.

కుయ్!

“టైం అయిందండీ” అన్నారు సారు.

నిర్మల కూతురి వైపు తిరిగింది. “చూశామా?”

నిన్నటి ప్రీతి అయితే ప్రశ్న పూర్తికాకుండానే అవునని తలూపేసేది. ఇవాళ వంగి, వేలితో చూపిస్తూ ఒక్కో స్క్రూ చూసింది. మోటారుది. డబ్బాది. మూతది. సారు వాచీ చూసుకుంటున్నా సరే, ప్లగ్గు దగ్గర వైరు మొదలు దాకా చూసింది.

“చూశామమ్మా” అంది.

“చెక్ చేశాను సార్” అంది నిర్మల.

ప్లగ్గు పెట్టింది. స్విచ్చి వేసింది. ఫ్యాన్ తిరిగింది. సారు అందర్నీ వెనక్కి జరగమని, గ్లవ్స్ తొడుక్కుని, టెస్ట్ వైరుని ఈసారి సరిగ్గా ఆ మూతకే తాకించారు.

టప్!

ట్రిప్ పడింది. సారు కాగితం మీద ఏదో రాసుకుని, గ్లవ్స్ తీస్తూ నవ్వారు. “పాసయ్యారండీ. సోమవారం మీ కోల్డ్ స్టోరేజీ పనిలో చేరండి.”

నిర్మల పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఇంటికి రా, చెప్తాను నీ సంగతి!” అంటూ ప్రీతి కోసం రెండు చేతులూ చాచింది.

ప్రీతి ఒక్క ఉదుటున పరిగెత్తబోయి, ధబ్బున చతికిలబడింది. అంతసేపు ఒకేచోట నిలబడడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలేమో, రెండు కాళ్ళూ తిమ్మిరెక్కి కూర్చున్నాయి.